తాడు తడిస్తే పుట్టి కదలదు

రాష్ట్రం వచ్చిన తొమ్మిదో ఏడు, మే నెల రెండో ఆదివారం, పొద్దున తొమ్మిది గంటల నలభై నిమిషాలకు నేను కృష్ణ ఒడ్డున ఒక బోటు చెక్క మీద నిలబడి, పక్కకు జరగనన్నాను. ఒడ్డు మీది నుంచి బోటులోకి ఎక్కడానికి వేసే చెక్క అది. దాని మీద మనిషి ఉన్నంతసేపు బోటు కదలదు. నాకప్పుడు డెబ్బై రెండేళ్లు. బోటు నడిపేవాడికి ముప్పై కూడా నిండి ఉండవు. జడ్చర్ల నుంచి రెండు బస్సులు మారి, మా తమ్ముడి మనుమరాలు శ్రావణిని, దాని మూడేళ్ల కొడుకును వెంటబెట్టుకుని వచ్చాను. అవతలి ఒడ్డున గుడి చూడాలని శ్రావణి కోరిక. నేను వచ్చింది వేరే పని మీద. ఎండాకాలం డ్యాం వెనుక నీళ్లు బాగా తగ్గితే మా పాత రేవు బండలు బయటపడతాయని ఎవరో చెప్పారు. వాటిని చూసి నలభై ఏళ్లు దాటింది.

బోటు పక్కకు కొట్టిన రేకు మీద 'ముప్పై మందికి మించరాదు' అని ఎర్ర రంగుతో రాసి ఉంది. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. మా ఇద్దరితో కలిపి పెద్దవాళ్లు సరిగ్గా ముప్పై మంది. ఒళ్లలో, చంకల్లో, శ్రావణి కొడుకుతో సహా, పిల్లలు ఏడుగురు. మొత్తం ముప్పై ఏడు. ఆ మాటే నడిపేవాడితో చెప్పాను. అతను మర్యాదస్తుడే. నవ్వి, చేతిలో చింపిన టికెట్ల కట్ట చూపించాడు.

"ముప్పై టికెట్లే ఇచ్చిన అవ్వా. చంకల పిల్లలకు టికెట్ లేదు."

"టికెట్ లేకపోతే బరువు గూడ ఉండదా నాయినా?"

"లెక్కల టీచరువా ఏంది?" అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ పనే చేశానని చెప్పాను. బల్లల మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. ఎండ కొడుతోంది, కూర్చుంటే కూర్చో, లేకపోతే దిగు అని ఒకాయన విసుక్కున్నాడు. నేను మళ్లీ ఒక్కొక్కరినే వేలితో చూపిస్తూ లెక్క మొదలుపెట్టాను. మూడో వరుసలో ఒక చిన్న వయసు తల్లి, ఒళ్లో బిడ్డ మీదికి కొంగు లాక్కుంది.

"వేలు పెట్టి చూపెట్టకు అవ్వా," అంది. "చంకల పిల్లలను గట్ల లెక్కపెట్టరు."

కోపంగా అనలేదు. భయంతో అంది. అరవై ఏళ్ల కింద మా అవ్వ నాకు ఇదే మాట, ఇదే గొంతుతో చెప్పింది. అయినా నేను చెక్క మీది నుంచి జరగలేదు. ఎందుకు జరగలేదో బోటులో ఉన్నవాళ్లకు రెండు ముక్కల్లోనే చెప్పాను. ఇక్కడ వివరంగా రాస్తాను.

మా బాపు, అంటే మా నాయన, రేవులో పుట్టి అనే తోలు పడవ నడిపేవాడు. ఆయన తండ్రి నడిపాడు, తాత నడిపాడు. డ్యాం కట్టకముందు కృష్ణ మా దగ్గర ఇప్పటిలా చెరువై నిలబడి ఉండేది కాదు. రెండు వైపులా బండలు, మధ్యలో జోరుగా పారే నీళ్లు. పుట్టి అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. వెదురు బద్దలతో పెద్ద బుట్టను అల్లినట్టు అల్లి, బయటి వైపు బర్రె తోళ్లు కుట్టి తొడుగుతారు. గుండ్రంగా ఉంటుంది, ముందూ వెనకా అంటూ లేదు. మా పుట్టి అంచు నుంచి అంచుకు ఎనిమిది మూరలు, లోతు రెండు మూరలు. తోళ్లు ఐదు పట్టాయి. బాపు ఒక తెడ్డు వేస్తే, ఎక్కినవాళ్లలో కాస్త కండ ఉన్నవాడు రెండో తెడ్డు పట్టాలి. అది రేవు కట్టుబాటు. దానికి ఎవరూ సాకు చెప్పేవారు కాదు. చెప్పినవాళ్లను బాపు ఆడవాళ్ల మధ్య కూర్చోమనేవాడు, వాళ్లే సిగ్గుపడి లేచేవారు.

మా ఇంటి వాసన ఆ పుట్టి వాసనే. నానిన తోలు, ఆముదం, పొయ్యి బూడిద. బడిలో నా పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవారు. నాకు మాత్రం ఇప్పటికీ చెప్పుల దుకాణం ముందు నుంచి పోతే ఆకలవుతుంది. ఎందుకంటే ఆ వాసన వచ్చే వేళకే అవ్వ జొన్నరొట్టెలు కొట్టేది. తోలు పుట్టికి ఒక గుణం ఉంది. పొద్దున పొడిగా ఉన్నప్పుడు బెండులా తేలుతుంది. నీళ్లలో ఉండేకొద్దీ తోలు నానుతుంది, నానేకొద్దీ పుట్టి తన బరువుకు తానే కుంగుతుంది. అందుకని మధ్యాహ్నం ఒకసారి ఇసుక మీదికి లాగి, మూడు రాళ్ల మీద బోర్లించి ఆరబెట్టాలి. సాయంత్రం మళ్లీ బోర్లించాలి. పొద్దున నీళ్లలో వేయకముందు అవ్వ దానికి చుట్టూ ఆముదం పట్టించేది. బాపు తల్లి ఆమె. మనిషి పొట్టి, మాట కరుకు. పుట్టి చుట్టూ తిరుగుతూ, కుట్టు కుట్టునూ బొటనవేలితో నొక్కి చూస్తూ నూనె రాసేది. ఎక్కడైనా వేలు మెత్తగా దిగితే ఆ పూట పుట్టి కదలదు.

నూనె చట్టిని ఏటిలో కడగనిచ్చేది కాదు. బూడిద వేసి, ఇసుకతో తోమి, ఆ కడుగునీళ్లు తీసుకుపోయి ఒడ్డు మీది తుమ్మచెట్టు మొదట్లో పోసేది. రేవుకు కొంచెం దిగువన ఇసుకలో చెలిమలు తవ్వి ఊరంతా తాగే నీళ్లు ముంచుకునేవారు. పైన ఏం కలిస్తే కింద అదే ఊరుతుందని ఆమె లెక్క. గొర్రెల మంద నీళ్లకు దిగితే చెలిమలకు దిగువన దిగాలి తప్ప ఎగువన దిగకూడదు. ఈ మాట వినని ఒక గొల్లాయన పొట్టేలును కొమ్ము పట్టుకుని అవ్వ దిగువకు ఈడ్చుకుపోయింది, మంద మొత్తం దాని వెనకే పోయింది. ఆయన గట్టు మీద నిలబడి, "గొర్లు నావా, నీవా?" అని అడిగాడు. "గొర్లు నీవే, నీళ్లు అందరివి," అని అవ్వ జవాబు.

అన్నిటికంటే ముఖ్యం తాడు. పుట్టి అంచుకు జానెడు కింద, తోలు కుట్లలోంచి దూర్చి చుట్టూ ఒక జనప తాడు కట్టి ఉండేది. దానికి జాజు మట్టి రుద్ది ఎర్రగా ఉంచేవారు. జనం ఎక్కేకొద్దీ పుట్టి దిగుతుంది, నీళ్లు తాడు దగ్గరికి వస్తాయి. నీళ్లు తాడును తాకాయంటే ఇక ఎవరూ ఎక్కకూడదు. తాకి తడిసిందంటే ఒకరు దిగాలి. "తాడు తడిస్తే పుట్టి కదలదు." బాపు ఈ మాట రోజుకు పదిసార్లు అనేవాడు. ఎవరితోనైనా అనేవాడు. ఒకసారి పెళ్లివాళ్లు వచ్చారు. పెళ్లికొడుకు మేనమామ ఒక్కడు ఎక్కువయ్యాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఆయన అలిగి బండ మీద కూర్చున్నాడు, పెళ్లి ఆగిపోతుందని బెదిరించాడు. బాపు ఆయనకు చుట్ట ఇచ్చి, "నువ్వు లేకుంటే లగ్గం ఆగుతది, నువ్వు ఎక్కితే లగ్గమే ఉండది. ఏది గావాలె?" అన్నాడు. చుట్ట అయ్యేలోగా పుట్టి పోయి తిరిగి వచ్చింది. పెళ్లి జరిగింది.

తాడు మీద నమ్మకం తప్ప బాపుకు అంకెల జ్ఞానం లేదు. అవతలి ఒడ్డు నుంచి మా ఊరి బడికి వచ్చే పంతులుకు ఉండేది. ఆయన చేతికి గడియారం కూడా ఉండేది. చుట్టుపక్కల గంట తెలిసేది ఆయన దాటినప్పుడే. ఒక శుక్రవారం పొద్దున ఎనిమిదింబావుకు, పుట్టిలోంచి దిగుతూ ఆయన బాపును అడిగాడు, ఇది ఎంతమందిని మోస్తుందని. తాడును అడగమన్నాడు బాపు. పంతులు నవ్వి, తన పలక నా చేతికిచ్చి, "నువ్వు కనుక్కో బుచ్చీ, తాడు తాకినప్పుడు ఎందరున్నరో రాయి," అన్నాడు. నా పేరు బుచ్చమ్మ. అప్పటికి పన్నెండేళ్లు. లెక్కలంటే చింతపండు కంటే ఇష్టం.

నలభై రోజులు రాశాను. బడికి పోయే ముందు, వచ్చిన తర్వాత, పుట్టి కదిలిన ప్రతిసారీ ఒడ్డున నిలబడి లెక్కపెట్టాను. మొదటి రోజే అవ్వ నా చేయి మీద కొట్టింది. చంకలో పిల్లల్ని లెక్కపెట్టకూడదు, దిష్టి తగులుతుంది. గొర్రెపిల్లల్నీ అంతే. గొల్లవాళ్లు తమ మందలో తలలు ఎన్నో తెలిసినా పైకి చెప్పరు. సరేనని, కాళ్ల మీద నిలబడ్డవాళ్లనే లెక్కలోకి తీసుకున్నాను. తాడును నీళ్లు తాకినప్పుడు ఒకసారి పదిహేను మంది ఉండేవారు, ఒకసారి పద్దెనిమిది. ఎక్కువసార్లు పదహారు. పలక మీద పదహారు అని రాసి పంతులుకు చూపిస్తే, ఆయన సుద్దముక్కతో రేవు బండ మీద ఆ అంకె పెద్దగా వేశాడు. బాపు దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. చదవలేడు గాని, ఆ ఒక్క అంకె ఆకారం నేర్చుకున్నాడు.

లెక్క తప్పలేదు. ఈ సంగతి నేను తర్వాత ఎన్నోసార్లు సరిచూసుకున్నాను. కానీ ఆ నలభై రోజుల్లో వానలు లేవు. మందలు దాటలేదు. పుట్టి రోజూ మధ్యాహ్నం ఆరింది. ఈ మూడు సంగతులు పలక మీద రాయలేదు. పదహారు అనే అంకె మాత్రం బండ మీద మిగిలింది.

ఆ తర్వాత బాపు అడిగే ప్రశ్న మారింది. ఇదివరకు వంగి అంచు కింద చూసేవాడు. ఇప్పుడు ఒడ్డు మీద నిలబడ్డ నా వైపు చూసి "ఎందరు బుచ్చీ?" అనేవాడు. దాటేవాళ్లకు నన్ను చూపించి, మా బిడ్డ లెక్క, పటేలు కూడా కాదనడు అని చెప్పేవాడు. నా ఛాతీ పొంగేది. అవ్వకు ఇది నచ్చలేదు. అయినా కొడుకు సంతోషం చూసి ఊరుకుంది. వానాకాలం వరదకు తాడు నాని, ఒరుసుకుపోయి, ఒకచోట తెగింది. బాపు ఆ తాడు మొత్తం విప్పి దూలానికి వేలాడదీశాడు. కొత్త జనప నార వచ్చాక పేనుదామన్నాడు. నార వచ్చింది. పేనలేదు. అంకె ఉంది కదా.

కార్తీకం చివర గొల్లలు మందలతో వచ్చారు. ఏటా అప్పుడు అవతలి ఒడ్డు అడవికి మేతకు పోతారు. తెల్లవారకముందు నుంచి సన్న తుంపర. సాయన్న అని అరవై దాటిన మనిషి వాళ్లకు పెద్ద. పొద్దున నుంచి గొర్రెలనే దాటించారు, విడత విడతకు ఇన్నని, కాళ్లు కట్టి పడుకోబెట్టి. ఏడు విడతలు అయ్యాయి. వానకు పుట్టిని బోర్లించినా ఆరదని మధ్యాహ్నం బయటికి లాగలేదు. ఎనిమిదో విడతకు ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, గొర్రెపిల్లలు మిగిలారు. అందరి మీదా గొంగళ్లు. పొడి గొంగడి భుజాన వేసుకుంటే తెలియదు. పొద్దంతా వానలో తడిసిన గొంగడిని ఒక మనిషి పిండలేడు. ఆ బరువు మాకందరికీ తెలుసు. ఎవరికీ తోచలేదు. పంతులు ఆ రోజు రాలేదు. అందువల్ల గంట ఎంతో నేను రాయలేను.

అవ్వ పుట్టి కుట్టును వేలితో నొక్కింది. వేలు దిగింది.

"తోలు నానింది కొడుకా. బోర్లేద్దాం. రేపు పొద్దుగాల పోదురు తియ్యి."

సాయన్న ఒప్పుకోలేదు. మంద ఆ ఒడ్డునుంటే మనుషులు ఈ ఒడ్డున ఎట్లా పడుకుంటారు, తోడేళ్లు పడితే ఎవరు జవాబు చెబుతారని అడిగాడు. అతను అన్నదీ అన్యాయం కాదు. గొల్లవాడికి మంద పోతే ఏమీ మిగలదు. బాపు ఇద్దరి మాటా విన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఎందరున్నరు బుచ్చీ?"

మళ్లీ లెక్కపెట్టాను. రెండుసార్లు. "పదహారే బాపు."

ఆయన తెడ్డు తీసుకున్నాడు. నాకంటే ముందే అవ్వ కళ్లు ఎల్లమ్మ చంకలోని బిడ్డ మీదికి పోయాయి. అది నేను చూశాను. చూసి ఏమీ అనుకోలేదు. ఎల్లమ్మ సాయన్న కోడలు. మూడు నెలల కొడుకును గొంగట్లో చుట్టి రొమ్ముకు కట్టుకుంది.

నది మధ్య దాకా బాగానే పోయింది. అవతలి ఒడ్డు ఇంకా ఇరవై బారలుందనగా, అక్కడ దింపిన తల్లి గొర్రెలు పిల్లల కోసం అరిచాయి. పుట్టిలోని గొర్రెపిల్లలు ఆ అరుపు విని ఒక్కసారిగా అటువైపు లేచాయి. పట్టుకోవడానికి ఆడవాళ్లు అటే వంగారు. పొడి పుట్టి అయితే ఊగి నిలదొక్కుకునేది. అంచుకు, నీళ్లకు మధ్య అప్పటికే నాలుగు వేళ్లు కూడా లేవు. అది మునిగిందని అందరూ అంటారు. నేను చూసింది చెబుతాను. ఒరిగింది. నీళ్లు లోపలికి పోయాయి. చప్పుడు లేదు. తర్వాత అందరూ నీళ్లలో ఉన్నారు.

అవతలి ఒడ్డున ఉన్న మగవాళ్లు దూకారు. బాపు ఒకరిని ఒడ్డుకు చేర్చి మళ్లీ మళ్లీ వెనక్కి పోవడం ఈ ఒడ్డు నుంచి కనిపించింది. ఎన్నిసార్లు పోయాడో లెక్కపెట్టాను. తొమ్మిది సార్లు. ఆ లెక్క ఆపడం నా చేతకాలేదు.

మూడో రోజు పొద్దున పోలీసు పటేలు రేవుకు వచ్చాడు. రేవు హక్కు మా ఇంట ఉండాలా, ఊడాలా అన్నది ఆయన నోటి మాట మీద ఉంది. అది పోతే మాకు సెంటు భూమి లేదు. ఇసుక మీద గొల్లలు ఒకపక్క, ఊరివాళ్లు ఒకపక్క కూర్చున్నారు. పుట్టి ఎంతమందికి అని పటేలు అడిగాడు. ఊరివాళ్లు బండ చూపించారు. ఆ రోజు ఎంతమంది ఎక్కారని అడిగాడు. బాపు నోరు విప్పకముందే ఎవరో నా చేతిలోంచి పలక తీసి ఆయనకిచ్చారు. పదహారు. పటేలు తలూపాడు. హద్దు దాటలేదు కాబట్టి ఇందులో మనిషి తప్పు లేదు, గంగమ్మ తీసుకుపోయింది, ఎవరేం చేస్తారు అన్నాడు. గొల్లల పెద్దలు కూడా కాదనలేదు. నదితో ఎవరు తగువు పెట్టుకుంటారు? మాకు రేవు మిగిలింది. ఆ క్షణం నాకు ఊపిరాడింది. దాచను.

అప్పుడు ఎల్లమ్మ లేచి నా దగ్గరికి వచ్చింది. ఏడవడం లేదు. రొమ్ముకు కట్టుకున్న గొంగడి ముడి అట్లాగే ఉంది. పలక వైపు చూసి నన్ను అడిగింది.

"గా పదహారుల నా కొడుకున్నడా బిడ్డా?"

నేను అవ్వ వైపు చూశాను. అవ్వ నేల చూస్తోంది. కాసేపటికి తలెత్తింది.

"చెప్పు బుచ్చీ. చంకలోళ్లను గూడ చెప్పు."

"నువ్వే లెక్కపెట్టొద్దంటివి గదా అవ్వా."

"అంటి. నాది తప్పు. ఇప్పుడు పెట్టు."

చూడకుండానే చెప్పగలిగాను. ఎవరి చంకలో ఎవరున్నారో నాకు మొదటి నుంచీ తెలుసు, లెక్కలోకి తీసుకోలేదంతే. పిల్లలు నలుగురు. మొత్తం ఇరవై మంది. ఎల్లమ్మ కొడుకు పదిహేడో వాడు అని చెప్పాను. ఆమె తల ఊపి, పోయి తనవాళ్ల మధ్య కూర్చుంది. నీటి హద్దు చూపే తాడు సంగతి ఏమిటని పటేలు అడిగాడు. తాడు తెగి రెండు నెలలైందని, మళ్లీ కట్టలేదని బాపు తానే చెప్పాడు. అది ఎవరూ అడగకపోయినా చెప్పేవాడే.

రేవు మా చేతిలోంచి పోయింది. బాపు కాదనలేదు. ఇసుక దాటి ఇంటికి వస్తుంటే ఆయన నా భుజం మీద చేయి వేశాడు. నా మీద కోపం ఉంటుందనుకున్నాను. నెమ్మదిగా అన్నాడు.

"నీ లెక్క తప్పు గాదు బిడ్డా. నేను తాడును జూసుడు ఇడిశిపెట్టి నిన్ను జూసిన."

ఆ తర్వాత ఆయన రోడ్డు పనికి రాళ్లు కొట్టాడు. తెడ్డు మళ్లీ పట్టలేదు. కొత్తగా రేవు తీసుకున్నవాళ్ల పుట్టికి ఒకటి కాదు, రెండు తాళ్లు కట్టించింది మా అవ్వ. పొద్దున పొద్దున పోయి వాళ్ల పుట్టి కుట్లు నొక్కి చూసేది. వాళ్లు చిరాకుపడినా మానలేదు. చంకలో బిడ్డతో ఎవరు వచ్చినా పైకి లెక్క చెప్పేది. దిష్టి తగులుతుందని తల్లులు గొణిగితే, ఆ దిష్టి నాకు తగలనీ అనేది. నేను పంతులు చలవ వల్ల చదువుకుని లెక్కల టీచరునయ్యాను. కోస్గిలో పదేళ్లు, మిగతావి జడ్చర్ల చుట్టూ. పిల్లలు లెక్క చేశాక, కింద ఒక గీత గీసి ఏం వదిలేశారో రాయమనేదాన్ని. బండి గంటకు ఇన్ని మైళ్లు పోతే అని లెక్క ఉంటే, దారిలో వాన, బురద, ఎద్దుల అలసట వదిలేశాం అని రాయాలి. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఇది పుస్తకంలో ఎక్కడుందని అడిగాడు. పుస్తకంలో లేదనే చెప్పాను.

అప్పటికీ ఇప్పటికీ తేడాలు చూసుకుంటే అన్నీ ఒకవైపే మొగ్గవు. అప్పుడు ఒరిగిన పుట్టికి ఒడ్డున ఉన్నవాళ్ల చేతులే దిక్కు. ఇప్పుడు ఫోన్ ఉంది, వేరే బోట్లు ఉన్నాయి, గంటలో దవాఖానకు చేర్చే బండి ఉంది. ఈ బోటు ఇనుముది, నానదు. తేలే జాకెట్లు ఇచ్చారు. అన్నీ ఒకే కొలత, వెనుక మూల కుప్పగా పడి ఉన్నాయి, శ్రావణి కొడుక్కు తొడిగితే కాళ్ల దాకా వచ్చి భుజాల మీది నుంచి జారింది. హద్దు ఎంతో రేకు మీద రాశారు. రాసినందువల్లనే దాన్ని ఎవరూ చూడటం లేదేమో. ఒడ్డున నీళ్ల మీద డీజిల్ రంగులు రంగులుగా తేలుతోంది. నడిపేవాడు నూనె డబ్బాను ఆ నీళ్లలోనే ముంచి కడిగాడు. ఆ నీళ్లే కొంత దూరంలో మోటారు పెట్టి తోడి ఊళ్లకు తాగడానికి పంపుతున్నారు. అవ్వ ఉంటే అతని చెవి పట్టుకునేది. నేను డబ్బా ఇక మీద ఒడ్డు మీద కడగమని చెప్పాను. సరే అన్నాడు. సరే అనడం వాళ్లకు సులువు.

ఆ ఆదివారం చెక్క మీద నిలబడి నేను చెప్పింది ఇంతే. ఇదే నది మీద ఒక పుట్టి ఒరిగింది, హద్దు లోపలే ఉందని చెప్పింది నేనే, చంకల్లో పిల్లలను లెక్కపెట్టలేదు. ముందుగా శ్రావణి కొడుకును ఎత్తుకుని దిగింది. దానికి ఈ కథ తెలియదు, నేను ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. తర్వాత మూడో వరుసలో తల్లి, భర్త, వాళ్ల బిడ్డ దిగారు. విసుక్కున్న పెద్దమనిషి తన భార్యను వెంటబెట్టుకుని దిగాడు. నేను చెక్క దిగి ఒడ్డుకు వచ్చాను. ఎనిమిది మందిమి. బోటు పది గంటల రెండు నిమిషాలకు కదిలింది, చంటి పిల్లలతో కలిపి ఇరవై తొమ్మిది మందితో. రెండో విడతకు వస్తాను, ఇక్కడే ఉండమని నడిపేవాడు అరిచి చెప్పాడు. వచ్చాడు కూడా. అప్పుడు అతని దగ్గర రేకు మీద రాయగా మిగిలిన ఎర్ర రంగు ఉందా అని అడిగాను. ఉందన్నాడు. బోటు పక్కన నీళ్లు ఎంతవరకు రావచ్చో అక్కడ ఒక గీత గీయమన్నాను, ముప్పై మందిని కూర్చోబెట్టి కాదు, ముప్పై మంది బరువున్న ఇసుక బస్తాలు పెట్టి చూసి. "గీస్త లే అవ్వా," అన్నాడు. జూన్‌లో ఫోన్ చేస్తే గీసానన్నాడు. నేను చూడలేదు. కాబట్టి గీసినట్టు ఇక్కడ రాయను. మా రేవు బండలు ఆ ఏడు బయటపడలేదు.

ఆ కార్తీకం నాటి లెక్కను పలక మీద సగమే రాశాను. మిగతా సగం ఇది. పుట్టి ఎక్కినవారు, బాపు కాక, ఇరవై మంది. ఒడ్డు చేరినవారు పదిహేడు మంది. పోయినవి: గొర్రెపిల్లలు ఐదింటిలో నాలుగు. గొంగళ్లు ఏడు. తెడ్డు ఒకటి. మూడు తరాల రేవు హక్కు. సాయన్న, అరవై దాటిన మనిషి. అతని తమ్ముడి మనుమరాలు మల్లమ్మ, రెండేళ్లది. ఎల్లమ్మ కొడుకు, మూడు నెలల వాడు. జాతరకు పోయి పేరు పెట్టాలని మొక్కుకున్నారు. పేరు లేదు.